మొటిమలకు ట్యూబా, మాత్రా? మూడు నెలలు మానకుండా వాడగలిగేది ఏది

మొటిమలకు ఏ మందు బాగా పనిచేస్తుందని అందరూ అడుగుతారు. ఏ మందును మధ్యలో మానెయ్యకుండా వాడగలనని అడిగేవాళ్ళు తక్కువ. పూతమందులకైనా, యాంటీబయాటిక్ మాత్రలకైనా తేడా సరిగ్గా కనపడాలంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది. మనలో చాలామంది రెండో వారానికే ట్యూబును అలమారలోకి నెట్టేస్తారు. విశాఖ ఉక్కపోత ఇంకో సాకు.

ముందు ట్యూబుల సంగతి. ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రి అడపలీన్ అని రెండు వేరువేరుగా రాస్తే చీటీ మీద బాగానే ఉంటుంది. పొద్దున్నే రాసుకుని మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడ్డ పిల్లాడిని అడగండి. చెమటకు ముఖమంతా జిడ్డుగా, కళ్ళ పక్కన మంట. పైగా బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. యూనిఫాం కాలరు మీద తెల్ల మచ్చలు పడ్డాక, ఇంట్లో అమ్మ చేత తిట్లు తిన్నాక, ఉదయం పూత ఆగిపోతుంది.

అదే రెండూ కలిపిన జెల్ అయితే పడుకునే ముందు ఒక్కసారి చాలు. అడపలీన్ 0.1 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ఒకే ట్యూబులో దొరుకుతాయి. అడపలీన్ జాతికే చెందిన పాత పూతమందు ట్రెటినాయిన్‌ను చాలావరకు బెంజాయిల్ పెరాక్సైడ్ పాడుచేసేది. అడపలీన్ తట్టుకుంటుంది, అందుకే ఈ కలయిక కుదిరింది. రోజుకు ఎన్నిసార్లు వాడాలో అది తగ్గేకొద్దీ మానేసేవాళ్ళూ తగ్గుతారు. నా ఓటు దీనికే. దిండుకు మాత్రం తెల్ల గలీబు వేసుకోండి. స్టీల్‌ప్లాంటులో నైట్ డ్యూటీ చేసేవాళ్ళు చీటీలో ‘రాత్రి’ అని ఉందని బెంగపడక్కర్లేదు, డ్యూటీ దిగి ముఖం కడుక్కుని పడుకునే ముందు రాసుకోవచ్చా అని డాక్టర్ని ఒక మాట అడిగితే సరి.

కొనేటప్పుడు పేరు పూర్తిగా చదవండి. అడపలీన్‌తో క్లిండమైసిన్ కలిపిన జెల్ కూడా మందుల షాపుల్లో బాగా నడుస్తుంది. క్లిండమైసిన్ యాంటీబయాటిక్, ఆ జెల్ పై దానికి బదులు కాదు.

ఏ ట్యూబైనా మానేసేది ఎక్కువగా మొదటి మూడు, నాలుగు వారాల్లోనే. చర్మం ఎర్రబడుతుంది, పొట్టు లేస్తుంది. “నాకు పడలేదు గురూ” అని వదిలేస్తారు. చాలాసార్లు అది పడకపోవడం కాదు, ఎక్కువ రాయడం. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. మొదట్లో రోజు విడిచి రోజు రాసి, పైన మాయిశ్చరైజర్ పట్టిస్తే చాలామందికి సర్దుకుంటుంది. ముఖం వాచినా, దద్దుర్లు లేచినా మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మాత్రలు మింగడం తేలిక, మర్చిపోవడం కాస్త తక్కువ. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రతో చిక్కేమిటంటే ఎండ పడదు. మధ్యాహ్నం మధురవాడ నుంచి గాజువాక దాకా బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడికి ముఖం కమిలిపోవచ్చు. గ్లాసుడు నీళ్ళతో మింగాలి, మింగగానే పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద అన్నవాహికలో పుండు పడొచ్చు. దీన్ని సాధారణంగా మూడు, నాలుగు నెలలకు మించి ఇవ్వరు, జెల్ లేకుండా ఒక్కదాన్నే వాడటం మంచిది కాదు. కాబట్టి ట్యూబు బాధ తప్పుతుందని మాత్ర అడిగేవాళ్ళకు నిరాశే.

గడ్డల్లా లేచి గుంటలు మిగిల్చే మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మింగే మందు ఇస్తారు. పెదాలు పగులుతాయి, మధ్యలో రక్తపరీక్షలుంటాయి, అయినా ఫలితం కళ్ళకు కనపడుతుంది కనుక చాలామంది చివరిదాకా వాడతారు. కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంట్లోకి బాగా ఇంకుతుంది. నెయ్యి వేసుకున్న పప్పన్నం చాలు.

మన ఇళ్ళల్లో ఆడపిల్లకు ఈ వైద్యం తరచుగా పెళ్ళి మాటలప్పుడే గుర్తొస్తుంది. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు, ఆపాక కూడా కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. కోర్సు చాలామందికి ఐదారు నెలలు. ముహూర్తం మూడు నెలల్లో ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అడపలీన్‌ను కూడా గర్భిణులకు ఇవ్వరు.