ములుగు రోడ్డు కారు ఎలక్ట్రీషియన్: బ్యాటరీ అమ్మలే, రోగం పట్టిండు

మా బాపు 1999ల కొన్న కారు. నెల కింద వేరే షాపోళ్లు కొత్త బ్యాటరీ అంటగట్టిన్రు. అయినా హన్మకొండ నుంచి కాజీపేట పోయేసరికి హెడ్‌లైట్లు మసకబారుడే, డ్యాష్‌బోర్డుల ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలుగుడే.

ములుగు రోడ్డు పక్కన ఈ చిన్న షాపు అన్న ముందుగాల మీటర్ పెట్టిండు. బండి ఆపితే 12.4 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 12.1. నడిచేటప్పుడు 14 దగ్గర ఉండాలె కదా! ఆల్టర్నేటర్‌ను (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) తిప్పే బెల్టు గట్టిగనే ఉంది. ఎర్త్ వైరు తుప్పు గీకి బిగించినా ఫరకు రాలే. ఆల్టర్నేటర్ విప్పితే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలినయి. అవి మార్చి, లైట్లు, ఫ్యాన్ వేసి మళ్లీ చూపిండు: 13.9. పాత బ్రష్‌లు నా చేతుల పెట్టిండు, నాకు బాగా నచ్చింది గదే. సాయంత్రం రద్దీ ఎక్కువ, పొద్దుగాలనే పోండ్రి.