కాంట్రాక్ట్ చట్టం బేర్ యాక్ట్: మొదటి ఏడాది లా విద్యార్థులకు

గైడ్ల కన్నా ముందు కొనాల్సింది ఇదే, వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకం. 1872 నాటి ఈ చట్టానికి ప్రాణం సెక్షన్ల కింద ఇచ్చిన ఉదాహరణలు. వాటిని దాటేసి చదవకండి. సెక్షన్ 4 చూడండి: అంగీకార పత్రం పోస్టులో పడగానే ప్రతిపాదించినవాడు కట్టుబడిపోతాడు, పంపినవాడు మాత్రం అది అవతలివాడికి తెలిశాకే. ఆ మధ్యలో సెక్షన్ 5 కింద అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడే ఇంగ్లండ్ సూత్రం (పోస్టులో పడగానే ఇద్దరూ కట్టుబడతారన్నది) రాసేసి మార్కులు పోగొట్టుకుంటారు.

లోటు ఒకటుంది. మైనర్ ఒప్పందం మొదటినుంచీ చెల్లదన్న మాట సెక్షన్ 11లో కనిపించదు. ఆ మాట చెప్పిన 1903 నాటి మొహొరీ బీబీ తీర్పును పక్కన రాసుకోవాలి. అందుకే మార్జిన్ వెడల్పుగా ఉన్న ముద్రణ తీసుకోండి. 76 నుంచి 123 దాకా సెక్షన్లు లేవని కంగారుపడొద్దు, 1930లో సరుకుల అమ్మకానికి విడిగా చట్టం వచ్చాక వాటిని తీసేశారు.