గుమ్మానికి బంతి, గదికి జెర్బెరా: ఇంటి శుభకార్యానికి ఏ పూలు మేలు?

ఇంట్లో గృహప్రవేశమో, సత్యనారాయణ వ్రతమో, పిల్లల పుట్టినరోజో పెట్టుకున్నవారు పూల విషయంలో మూడు పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తోంది. మార్కెట్టులో విడిపూలు కిలోల లెక్కన కొని దండలు గుచ్చుకోవడం మొదటిది. కాడతో కోసిన జెర్బెరా, కార్నేషన్, గులాబీలను కట్టల లెక్కన తెప్పించి జాడీల్లో అమర్చుకోవడం రెండవది. గుడ్డతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన పూలను అద్దెకు తెచ్చి వేలాడదీయడం మూడవది.

మూడవదాని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎత్తయిన పైకప్పుకు, ఎండ నేరుగా తగిలే మేడమీది పందిరికి దానివల్ల ఉపయోగం ఉంటే ఉండవచ్చు గాని, వాసన లేని, మరునాడు వాడని పువ్వును దేవుడి ముందు పెట్టడానికి నాకు మనసొప్పదు. వాటిని దుమ్ము దులిపి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చన్న మాట నిజమే. అయితే రంగు వెలిసిన తరువాత అవి చేరేది చెత్తకుప్పకే, అక్కడ మట్టిలో కలిసేవీ కావు. కనుక అసలు పోలిక మొదటి రెండింటి మధ్యనే.

ఆ రెండింటికీ ఉన్న ముఖ్యమైన తేడా కాడ. విడిపువ్వు కోసిన తరువాత ఇక నీరు తాగలేదు. కోత సమయానికి తనలో ఎంత తేమ ఉందో దానితోనే చివరివరకూ నెట్టుకురావాలి. కాడ ఉన్న పువ్వు జాడీలోని నీటిని పీల్చుకుంటూ రోజుల తరబడి నిలుస్తుంది. అందుకే ముహూర్తం ఎప్పుడు, అలంకరణ ఎన్ని గంటలు నిలవాలి, అది గాలీ ఎండా తగిలే చోటా లేక నీడపట్టునా అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పుకుంటే, ఏ పువ్వు కొనాలో చాలావరకు తేలిపోతుంది.

గుమ్మానికి, పూజామండపానికి, మెట్ల కమ్మీలకు నా ఓటు విడిపూలకే. కడియపులంక, గుడిమల్కాపూర్ వంటి పెద్ద పూల మార్కెట్లకు దగ్గరలో ఉన్నవారు తెల్లవారుజామునే వెళ్తే, అప్పుడే దిగిన బంతి గంపలనుంచి తమకు కావలసినవి ఎంచుకోవచ్చు. లెక్క కూడా కష్టం కాదు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న గుమ్మానికి పైనా, రెండు పక్కలా కలిపి 17 అడుగుల దండ కావాలి. ఒత్తుగా గుచ్చితే అడుగుకు 12 పూల చొప్పున 200 పైచిలుకు పూలు పడతాయి. నడుమ మామిడాకు చేర్చితే పూలు బాగా తగ్గుతాయి, ఆ పచ్చదనం పక్కన పసుపు ఇంకా నిండుగా కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చొని దబ్బనంతో గుచ్చితే ఇది ఒక సాయంత్రపు పని. చుట్టాలు ముందురోజే దిగితే వారి చేతులూ తోడవుతాయి.

బంతి, చామంతులలో ఏది మేలన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. పగలు కురచై రాత్రి పెరిగినప్పుడే మొగ్గ వేసే మొక్క చామంతి; అందువల్ల కార్తీకం నుంచి మాఘం వరకు విరివిగా దొరుకుతుంది. మిగిలిన కాలాల్లో దాని పూతను రైతులు రాత్రిపూట దీపాలు వెలిగించి, పగలు నల్లని గుడ్డ కప్పి తమకు కావలసిన వేళకు సాధించవలసి వస్తుంది, కనుక ఖరీదూ పెరుగుతుంది. బంతికి అంత పట్టింపు లేదు, దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది. నిలవ ఉండటంలో చామంతిది ఒక మెట్టు పైచేయి. కాకపోతే తెల్ల చామంతి ఏమాత్రం నలిగినా ఆ చోట గోధుమరంగు మచ్చ తేలుతుంది. అందువల్ల జనం రాసుకుంటూ నడిచే గుమ్మానికి ముద్దబంతి, చేతులు తగలని మండపం వెనుక తెరకు చామంతి వాడటం నాకు సబబుగా తోస్తుంది. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం ముందురోజు ఏ పువ్వు ధరా మామూలుగా ఉండదు కాబట్టి, ఆ వారంలో శుభకార్యం పెట్టుకున్నవారు పూలను తగ్గించి మామిడి, అరటి ఆకుల పాలు పెంచుకోవడం మంచిది.

విడిపూలను చాలామంది పాడుచేసేది ఇంటికి తెచ్చిన తరువాతనే. వాడిపోతాయన్న భయంతో పూలమీద నీళ్లు కుమ్మరించి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచుతారు. బంతి రేకుల మధ్య నిలిచిన నీరు ఆరే దారి లేక, ఉదయానికి పువ్వు అడుగునుంచి కుళ్లడం మొదలుపెడుతుంది. వెదురుబుట్టలో అరటాకు పరచి, పూలు వదులుగా పోసి, పైన తడిపి పిండిన పలుచని గుడ్డ కప్పి నీడలో ఉంచితే రాత్రంతా బాగుంటాయి.

సాయంత్రం విందుకైతే మల్లెకు సాటి వచ్చేది నాకు కనిపించదు. పొద్దుటే కోసిన మొగ్గ దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటుంది, పరిమళమూ రాత్రికే ఎక్కువ. కనుక చైత్ర వైశాఖాల్లో రాత్రి విందు పెట్టుకున్నవారు విచ్చిన పూలను కాక గట్టి మొగ్గలను కొని, మూరల లెక్కన మాలలు కట్టించుకోవాలి. మన బజారులో లిల్లీ అని పిలిచే పూలకూ రాత్రే వాసన ఎక్కువ. తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో ఆ ఘాటుకు కొందరికి తలనొప్పి వస్తుంది, భోజనాల బల్ల దగ్గర వంటకాల వాసననూ అది మింగేస్తుంది. వాటిని వీధివాకిట్లో ఉంచడం మేలు.

ఇక కాడపూలు. హాల్లో నాలుగు రోజులు నిలవాలనుకున్నప్పుడు, బల్లలమీద ఎత్తూ ఆకారమూ కావలసినప్పుడు వీటినే ఎంచుకోవాలి. హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌసుల నుంచి వచ్చే ఈ పూలు దారిలోనే దాహంతో ఉంటాయి. తెచ్చిన వెంటనే కాడ అడుగును నీటిలో ముంచి ఉంచి అంగుళం మేర ఏటవాలుగా కోస్తే, కోతలో చిక్కిన గాలి తొలగి నీరు పైకి ఎక్కుతుంది. గులాబీకి జాడీ సగానికి పైగా నీళ్లు పోయవచ్చు గాని జెర్బెరాకు రెండు మూడు అంగుళాలు చాలు. నూగున్న ఆ మెత్తని కాడ ఎక్కువ నీటిలో నాని కుళ్లితే పువ్వు మెడ వాలుస్తుంది. రోజూ నీళ్లు మార్చడమే అన్నిటికన్నా మంచి మందు. ఉత్త పంచదార కలిపితే పువ్వుకన్నా ముందు సూక్ష్మజీవులే బలపడతాయి.

ఒక పొరపాటును మా ఇంట్లో జరిగినది గనుక చెబుతున్నాను. మా అమ్మాయి నిశ్చితార్థానికి తెప్పించిన కార్నేషన్లను ముందురోజు రాత్రి, పండిన అరటిగెలలూ మామిడిపండ్ల బుట్టలూ ఉన్న గదిలోనే పెట్టి తలుపు వేశాము. తెల్లవారేసరికి నీళ్లలోనే ఉన్న పూల రేకులు లోపలికి ముడుచుకుపోయాయి. పండే కాయలనుంచి వెలువడే ఇథిలీన్ వాయువును కార్నేషన్ ఏమాత్రం తట్టుకోలేదని ఆ తరువాతే తెలిసింది. పండూ ఫలమూ లేని శుభకార్యం మన ఇళ్లలో ఉండదు. అందుచేత కార్నేషన్, ఆర్కిడ్ వంటి పూలను పండ్లకు ఎంత దూరంగా ఉంచితే అంత మంచిది. అదే గదిలో ఉన్న చామంతులకు ఏమీ కాలేదు, వాటికి ఆ వాయువంటే లెక్కలేదు.

కాడపూల విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ఆకుపచ్చ స్పాంజి మీద. 1954లో అమెరికాలో పుట్టిన ఈ ఫోమ్ నీటిని పట్టి ఉంచి పూలను కదలనివ్వని మాట నిజమే. కాని అది ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన ప్లాస్టిక్. పొడిపొడిగా రాలుతుంది తప్ప మట్టిలో కలవదు. దాని బదులు సన్నని ఇనుపజాలీని ఉండలా నలిపి జాడీలో దించితే కాడలు అంతే నిలకడగా నిలుస్తాయి, ఆ జాలీ ఏళ్ల తరబడి పనికొస్తుంది. అలంకరణ పని ఒప్పుకున్నవారితో ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. పని మొదలయ్యాక చెబితే వారికీ కుదరదు.

ఒకే పద్ధతికి కట్టుబడనక్కరలేని మధ్యతరగతి ఇంటికి నేను సూచించేది ఇది: గుమ్మానికీ మండపానికీ బంతి మామిడాకుల దండలు, హాల్లో రెండు జాడీల జెర్బెరా, వాకిట్లో నీళ్లు నింపిన ఇత్తడి గంగాళం. ఆ గంగాళంలో వేసే పూలకు కాడ అంగుళం మేర ఉంచి కోస్తే, అవి తేలుతూనే నీరు తాగి మరునాటి వరకు కళకళలాడతాయి. పని ముగిశాక దండల దారం తీసి పూలను తోటమట్టిలో కలిపితే ఎరువవుతుంది. బాగా ఎండిన బంతిపూలలో గింజ కట్టినవి దొరికితే దాచి, తొలకరికి చల్లవచ్చు. సంకరజాతి బంతి అయితే తల్లి పువ్వంత ముద్దగా రాకపోవచ్చు గాని, గృహప్రవేశం నాటి దండలోని గింజలు అదే ఇంటి పెరట్లో పూసినప్పుడు ఆ కాస్త తేడాను ఎవరూ పట్టించుకోరు.