లాసిక్ చేయించుకుని ఏళ్లు గడిచాక: బరంపురం నుంచి ఒక సమీక్ష

2011లో విశాఖపట్నంలో రెండు కళ్లకీ లాసిక్, అంటే లేజర్‌తో సైటు తీసే ఆపరేషన్, చేయించుకున్నాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. సైటు కుడికంటికి మైనస్ నాలుగున్నర, ఎడమకంటికి మైనస్ నాలుగు. ఈ రోజుకీ దూరం చూడటానికి నాకు అద్దాలు అక్కర్లేదు. గోపాలపూర్ ఒడ్డున నిలబడితే లోపలికి వెళ్లిన పడవ కనిపిస్తుంది, బస్సు స్టాండు దాకా రాకముందే బోర్డు చదివేస్తాను. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే మా వీధిలో సంబంధాలు చూస్తున్న ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు వచ్చి "చేయించుకోవచ్చా అక్కా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోతున్నాను. ఆపరేషన్‌కి ముందు వాళ్లకి ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి తెలిశాకే నిర్ణయం తీసుకోవాలని నా కోరిక.

అన్నిటికన్నా ముందు చత్వారం, అంటే వయసుతో దగ్గరి చూపు తగ్గడం గురించి చెప్పాలి. మాది పట్టు నేసే ఇల్లు. పడుగులో పోగు తెగిందంటే రెండు కొసలూ వెతికి పట్టుకుని, అచ్చులో సరైన సందులోంచి లాగి, వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ఎర్ర పడుగులో ఎర్ర పోగు తెగితే చూపు ఎంత దగ్గరికి పెట్టాలో నేసేవాళ్లకే తెలుసు. మైనస్ సైటు ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మైనస్ నాలుగు కంటికి అద్దాలు తీసేస్తే సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది, ఆ వయసూ ఈ వయసూ అని లేదు. మా పెద్దమ్మకి అరవై దాటాయి. ఇప్పటికీ అద్దాలు నుదుటి మీదికి తోసేసి పోగు అతికేస్తుంది. నేను ఆ సౌకర్యాన్ని లేజర్‌తో తీయించేసుకున్నాను. నలభై దాటాక చత్వారం వచ్చింది. ఇప్పుడు మగ్గం దగ్గర, జరీ లెక్క చూసేటప్పుడు, ఫోన్ చదివేటప్పుడు ప్లస్ ఒకటిన్నర అద్దాలు పెట్టుకుంటున్నాను.

ఇది ఆపరేషన్ లోపం కాదు. చత్వారం కంటి లోపలి లెన్సు గట్టిపడటం వల్ల వస్తుంది. లేజర్ పని చేసేది కంటి ముందున్న కార్నియా మీద. రెండూ వేరు. కాబట్టి "జీవితాంతం అద్దాలతో పనిలేదు" అని ఎవరైనా అంటే అది దూరపు చూపుకి మాత్రమే వర్తిస్తుంది, అదీ చాలామందికి, అందరికీ కాదు. నేత, కుట్టుపని, బంగారం పని చేసేవాళ్లు, ముఖ్యంగా ముప్పై అయిదు దాటినవాళ్లు ఈ ప్రశ్న డాక్టర్ని నేరుగా అడగండి. ఒక కన్ను దూరానికి, ఇంకో కన్ను దగ్గరికి సరిచేసే పద్ధతి కూడా ఉంది. అది అందరికీ సరిపడదు. ముందు కొన్నాళ్లు కాంటాక్ట్ లెన్సులతో అలా ప్రయత్నించి చూడమని అడగవచ్చు.

ఇక పరీక్షలు. నా దృష్టిలో ఆపరేషన్ కన్నా ఇవే ముఖ్యం. మేము మొదట వెళ్లిన ఒక ఆసుపత్రిలో చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనకపొర చూడకుండానే, నెలాఖరులోగా డబ్బు కడితే తగ్గింపు ఇస్తామన్నారు. లేచి వచ్చేశాం. తర్వాత వెళ్లిన చోట దాదాపు సగం రోజు పరీక్షలే చేశారు. కార్నియా మందం కొలిచారు, దాని ఆకారాన్ని రంగుల మ్యాపులా తీశారు, కన్నీటి పరీక్ష, కంటి ఒత్తిడి, చివరికి చుక్కలు వేసి రెటీనా చూశారు. డాక్టరుగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. నా కార్నియా మందం 535 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పైన తెరిచే పొర, అంటే ఫ్లాప్, దాదాపు 140. ఒక్కో పాయింటు సైటుకి లేజర్ సుమారు 14 మైక్రాన్లు తీస్తుందనుకుంటే నాలుగున్నరకి 63. అన్నీ పోగా కింద సుమారు 330 మిగులుతుంది. కనీసం 250 మిగలాలి, చాలామంది డాక్టర్లు 300 ఉంటేనే నిశ్చింత అంటారు. ఈ లెక్క మీ కంటికి ఎంత వస్తుందో అడగండి. చెప్పడానికి ఇష్టపడని చోట చేయించుకోకండి.

ఆకారం మ్యాపు ఎందుకంటే, కెరటోకోనస్ అని కార్నియా పల్చబడి ముందుకి ఉబ్బే జబ్బు ఒకటుంది. మొదట్లో అది ఉన్నట్టు మనిషికి తెలియదు. అలాంటి కంటికి లాసిక్ చేస్తే చూపు ఇంకా పాడవుతుంది. తరచూ కళ్లు నులుముకునేవాళ్లు, సిలిండర్ పవర్ ఏటా పెరిగేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్లు ఈ పరీక్ష విషయంలో అస్సలు రాజీపడకూడదు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు పరీక్షకి ముందే ఆపేయాలి. మెత్తవైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే ఇంకా ఎక్కువ రోజులు. లేకపోతే కొలతలు తప్పుగా వస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండాలి, ఏడాదిగా సైటు మారకుండా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకి, కీళ్లవాతం లాంటి జబ్బులున్నవాళ్లకి, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్లకి డాక్టర్లు సాధారణంగా వద్దంటారు. ఏ మందు వాడుతున్నా దాచకుండా చెప్పండి.

సంతకం పెట్టే కాగితం గురించి ఒక మాట. మా బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్లే ఎక్కువ. విశాఖలో ఇచ్చే కాగితం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదవడం రాదని మొహమాటపడకుండా, మొత్తం చదివి వినిపించమని అడగండి. మా వదిన అలాగే అడిగింది, నర్సమ్మ ఓపిగ్గా చదివింది.

ఆపరేషన్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అయిపోయేది కూడా అంత తొందరగానే. మత్తు చుక్కలు వేస్తారు, నొప్పి ఉండదు. కంటి మీద రింగు బిగించినప్పుడు ఒత్తిడి తెలుస్తుంది, కాసేపు చూపు మసకబారి చీకటైపోతుంది. అప్పుడు టెన్షన్ పడొద్దు. తర్వాత మెరిసే దీపం వైపు చూస్తూ ఉండటమే మన పని. జుట్టు కాలిన వాసన వస్తుంది, భయపడాల్సిన పనిలేదు. ఆ సాయంత్రం కళ్లు మండి, నీళ్లు కారాయి. మర్నాడు చెకప్ తప్పనిసరి కాబట్టి అదే రోజు రైలెక్కి బరంపురం వచ్చేద్దామనుకోకండి. మేము గాజువాకలో మా మేనత్త ఇంట్లో ఉన్నాం. రాత్రి కళ్లకి ప్లాస్టిక్ కవచం పెట్టుకుని పడుకోవాలి. నిద్రలో తెలియకుండా నులుముకుంటే ఫ్లాప్ కదులుతుంది. కాటుక, తలస్నానం, సముద్రస్నానం ఎప్పటిదాకా వద్దో డాక్టరు చెప్పిందే వినండి, ఇంట్లో పెద్దలు చెప్పింది కాదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది కళ్లు పొడిబారడం. ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియాలోని సన్నని నరాలు తెగుతాయి. అవి మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా కన్ను ఆరిపోయిన సంగతి మెదడుకి సరిగ్గా అందదు, నీరు ఊరదు. మొదటి ఆరు నెలలూ పొద్దున్నే రెప్ప తెరుస్తుంటే ఇసుక పడినట్టు గరగరలాడేది. మగ్గం మీద కూర్చుంటే రెప్ప వేయడం మర్చిపోతాం, పైన ఫ్యాను, ఇంకేముంది. చుక్కలు వేసుకుంటూ నెట్టుకొచ్చాను. చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది. నాకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, చలికాలంలో ఇప్పటికీ చుక్కలు కావాలి. ముందు నుంచే కళ్లు పొడిగా ఉన్నవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. చిన్న కోతతో చేసే స్మైల్ పద్ధతిలో ఫ్లాప్ ఉండదు, పొడిబారడం కొంత తక్కువ అంటారు. మీ కంటికి ఏది నప్పుతుందో అడగండి. ఇంకో జాగ్రత్త: ఆపరేషన్ తర్వాత ఇచ్చే స్టెరాయిడ్ చుక్కల్ని గడువు దాటాక మందుల షాపులో సొంతంగా కొని వాడకండి. కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది.

రాత్రి వెలుతురు సంగతి కూడా ఉంది. ఇచ్ఛాపురం నుంచి హైవే మీద వస్తుంటే ఎదురు లారీల లైట్ల చుట్టూ గుండ్రటి కాంతి వలయాలు కనిపించేవి. ఏడాదిలో బాగా తగ్గాయి. రాత్రిపూట బండి నడిపే ఉద్యోగమైతే ఇది ఆలోచించాల్సిన విషయం.

మా ప్రాంతంలో రైల్వే ఉద్యోగాలకి చదివే పిల్లలు చాలామంది. వాళ్లకి గట్టిగా చెబుతున్నాను. అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్‌లో లాసిక్ చేయించుకున్నవాళ్లు అర్హులు కారని స్పష్టంగా ఉంటుంది. సైటు పోతే ఉద్యోగం వస్తుందనుకుని చేయించుకుంటే ఉన్న దారి మూసుకుపోతుంది. పోలీసు, సైన్యం ఉద్యోగాలకైతే ఆ నోటిఫికేషన్‌లోని వైద్య నిబంధనలు చదివాకే అడుగు వేయండి. ఇన్సూరెన్స్ కూడా 7.5 కన్నా తక్కువ సైటుకి సాధారణంగా వర్తించదు, డబ్బు చేతినుంచే పెట్టుకోవాలి.

సైటు పోయినా కంటిగుడ్డు పొడవు తగ్గదు. అంటే మైనస్ సైటువాళ్లకి రెటీనా ఊడే ప్రమాదం అలాగే ఉంటుంది. మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు ఒక్కసారిగా పెరిగినా, తెర దిగినట్టున్నా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని చూపించుకోవడం నేను మానలేదు. ఎక్కడ చూపించుకున్నా లాసిక్ అయిందని ముందే చెబుతాను, ఎందుకంటే కార్నియా పల్చబడ్డాక కంటి ఒత్తిడి అసలు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, నీటికాసులు (గ్లకోమా) పట్టుబడకుండా పోవచ్చు. ఆపరేషన్‌కి ముందు తీసిన కొలతల కాగితాలు తప్పకుండా అడిగి తీసుకోండి. ముందున్న సైటు, కార్నియా వంపు, మందం, ఎంత తీశారు, అన్నీ అందులో ఉండాలి. రేపు శుక్లం ఆపరేషన్ చేయాల్సి వస్తే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకట్టడానికి అవి బాగా పనికొస్తాయి. నావి బీరువాలో ఫైలులో ఉన్నాయి, ఫొటోలు మా అమ్మాయి ఫోన్లో కూడా ఉన్నాయి.