‘సీల్డ్ పీస్’ పేరుతో తిరుగుతున్న పాత ఫోన్లు, కెమెరాల లాట్: విజయవాడ, గుంటూరు వాళ్లు జాగ్రత్త

పాత స్మార్ట్‌ఫోన్లు, పామ్‌టాప్‌లు (అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు), సీసీడీ కెమెరాలు (సీసీడీ అనే పాత రకం సెన్సర్‌తో ఫొటో తీసే డిజిటల్ కెమెరాలు) ఇష్టంగా కొనుక్కునే మిత్రులందరికీ ఒక హెచ్చరిక. "అమెరికాలో ఉండే మా బావగారి కలెక్షన్, ఒక్కటీ వాడలేదు, అన్నీ సీల్డ్ పీసులే" అంటూ మన విజయవాడ, గుంటూరుల్లో ఒకతను ఒక లాట్ అమ్ముతున్నాడు. ఫొటోల్లో నోకియా ఎన్95, ట్రియో 650 ఫోన్లు, ఐప్యాక్ అనే ఒక పామ్‌టాప్, కొన్ని చిన్న డిజిటల్ కెమెరాలు నీలం దుప్పటి మీద వరసగా పేర్చి ఉంటాయి. ఆ దుప్పటి కనబడితే అక్కడే ఆగండి. అతని దగ్గర ఎన్95, ఒక కెమెరా కలిపి 9,500 పెట్టి తీసుకున్నాను. రెండూ పనికిరాకుండా పోయాయి. డబ్బు వెనక్కి రాలేదు.

పేరు, నంబరు రాసినా ఉపయోగం లేదు. నాకు ఒక పేరు చెప్పాడు, బెంజి సర్కిల్ దగ్గర అతన్ని కలిసిన ఇంకొకాయనకు వేరే పేరు చెప్పాడు. నంబర్లు కూడా వేరు. అమ్మే పద్ధతి మాత్రం ఇద్దరి దగ్గరా ఒకటే, అందుకే దాన్ని వివరంగా చెబుతున్నాను.

అడ్వాన్సు అడగడు. "చూసుకుని, చెక్ చేసుకునే తీసుకోండన్నా" అంటాడు. సగం మంది ఆ మాటకే నమ్ముతారు. అయితే కలిసే చోటు, టైము అతనే చెబుతాడు. నన్ను విజయవాడ బస్టాండుకు రమ్మన్నాడు, హైదరాబాద్ బస్సు ఎక్కబోతున్నానన్నాడు. బెంజి సర్కిల్ ఆయనకూ అదే హైదరాబాద్ బస్సు! ప్లాట్‌ఫారం మీద జనం తోసుకుంటుంటే, అనౌన్స్‌మెంట్లు చెవుల్లో మోగుతుంటే, పద్దెనిమిదేళ్ల నాటి ఫోన్‌ని ఎవరైనా ఎంతసేపు చూడగలరు? అతనికి కావలసింది అదే.

ముందు ట్రియో తీశాడు. 2004లో వచ్చిన ఆ ఫోన్ కీబోర్డు, స్టైలస్‌తో పని, ఇవి ఇప్పటికీ చేతికి భలే హాయిగా ఉంటాయి, వాడినవాళ్లకు తెలుసు. సిమ్ ఎక్కడ పెట్టాలని అడిగితే, "లోపల ఉంటదన్నా, బ్యాటరీ తీస్తే కనపడుద్ది" అన్నాడు. సిమ్‌తో నడిచే జీఎస్ఎం ట్రియో 650కి సిమ్ ట్రే పైభాగంలో, యాంటెనా పక్కన ఉంటుంది. దీనికి అక్కడ ఏమీ లేదు. అంటే ఇది సిమ్ లేకుండా వేరే రకం నెట్‌వర్క్‌తో నడిచే అమెరికా సీడీఎంఏ మోడల్. మన దగ్గర రిలయన్స్, టాటా ఇండికామ్ సీడీఎంఏ సర్వీసులు మూతపడి చాలా ఏళ్లయింది. షోకేసులో పెట్టుకోవడానికైతే సరే, ఫోనుగా అది ఇక్కడ మోగదు. వద్దన్నాను. వెంటనే ఎన్95 తీసి చేతిలో పెట్టాడు.

ఎన్95 గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? 2007లో మార్కెట్లోకి వచ్చినప్పుడు 5 మెగాపిక్సెల్ కెమెరా, దానికి కార్ల్ జైస్ లెన్సు, జీపీఎస్, వైఫై, అటూ ఇటూ జరిగే స్లైడ్, అన్నీ ఒకే ఫోన్లో! అదే ఏడాది వచ్చిన మొదటి ఐఫోన్‌కి 2 మెగాపిక్సెల్ కెమెరానే, జీపీఎస్ లేదు, 3జీ లేదు. ఈ రెండింటిలో ఏది గొప్పదనే వాదన మనలో ఇప్పటికీ తెగదు. నా ఓటు ఎప్పుడూ ఎన్95కే. కాబట్టి తళతళలాడే ఎన్95 చూస్తే నాలాంటివాడి మనసు ఎక్కడికి పోతుందో అతనికి బాగా తెలుసు.

ఆన్ చేశాను. *#06# కొట్టి, వచ్చిన ఐఎంఈఐని (ప్రతి ఫోన్‌కీ వేరుగా ఉండే 15 అంకెల నంబరు) బ్యాటరీ కింద స్టిక్కర్‌తో పోల్చాను, కలిసింది. నా ఎయిర్‌టెల్ సిమ్ వేసి కాల్ చేశాను, మాట వినపడింది. ఫొటో తీశాను. స్లైడ్ రెండు వైపులా జరిపాను. *#92702689# కొట్టబోతుంటే మాత్రం, "ఆ కోడ్లు కొట్టొద్దన్నా, లాక్ పడుద్ది" అని ఫోన్ చేతిలోంచి తీసేసుకున్నాడు. ఆ కోడ్‌తో ఏ లాకూ పడదు. ఆ ఫోన్ మీద మొత్తం ఎన్ని గంటలు మాట్లాడారో చూపించే లైఫ్ టైమర్ అది. ఇంటికొచ్చాక కొడితే వెయ్యి గంటలు దాటి ఉంది. ఒక్కసారీ వాడని సీల్డ్ పీసులో వెయ్యి గంటల మాటలు!

కొన్నాళ్లకే స్లైడ్ పైకి జరిపితే స్క్రీన్ తెల్లబడటం మొదలైంది. అరండల్‌పేటలో పాత నోకియాలు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నారు. ఆయన విప్పి చూపించారు. బోర్డు మీద పచ్చగా చిలుము. నీళ్లు తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్‌ను గీకేశారు. స్లైడ్ స్ట్రిప్ (స్క్రీన్‌ను బోర్డుకు కలిపే పలుచని వైరు పట్టీ) డూప్లికేట్. బయటి ప్యానెల్ మొత్తం కొత్తగా వేసిన చైనా ప్యానెల్, ఐఎంఈఐ స్టిక్కర్ కూడా బోర్డు నంబరు చూసి కొత్తగా ప్రింట్ చేసి అతికించిందే. అందుకే బస్టాండులో రెండూ కలిశాయి. లెన్సు ముందు ఒరిజినల్ గాజుకు బదులు ప్లాస్టిక్ ముక్క పెట్టారు. తీసిన ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు ఎందుకొస్తున్నాయో అప్పుడు అర్థమైంది.

నా ఉద్దేశంలో ఈ మోసానికి అసలు మూలం ఇదే. ఇన్నేళ్ల ఫోన్ కొత్తదానిలా మెరుస్తోందంటే ప్యానెల్ మార్చి ఉంటారు. ప్యానెల్ మార్చారంటే ఏదో ఒకటి దాచడానికే ఎక్కువసార్లు మారుస్తారు. మూలలు అరిగి, కీల మీద అక్షరాలు చెరిగి, వెనక నాలుగు గీతలున్న ఫోన్ తెచ్చి "ఇది మా నాన్న వాడింది" అనే మనిషి దగ్గర నేను నిశ్చింతగా కొంటాను. సీల్డ్ అనే మాటకే మనం రెట్టింపు ధర ఇస్తున్నాం కాబట్టి ఇలాంటి లాట్లు పుట్టుకొస్తున్నాయి.

ఇక కెమెరా సంగతి. కంపెనీ పేరు చెప్పను, తప్పు అమ్మినవాడిది. రీల్స్ పుణ్యమా అని ఇప్పుడు కాలేజీ పిల్లలంతా సీసీడీ కెమెరాలే కావాలంటున్నారు. ఒకప్పుడు బీరువా అడుగున పడి ఉండేవాటికి ఇప్పుడు వేలల్లో ధర. నేను తీసుకున్నది 2003 ప్రాంతపు మోడల్. బస్టాండులో తీసిన ఫొటోలు బాగానే వచ్చాయి. ఇంట్లో కాసేపు వాడి వేడెక్కగానే స్క్రీన్ మీద ఊదారంగు చారలు, వంకర్లు తిరిగిన బొమ్మలు. చల్లారితే మళ్లీ మామూలు. ఇంకో వారానికి మొత్తం నల్లగా అయిపోయింది.

ఈ జబ్బు గురించి మన ప్రాంతం వాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాలి. సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సర్లలో లోపలి సన్నని వైర్ల అతుకులు వేడికి, తేమకు ఊడిపోతాయని 2005లో బయటపడింది. ఆ సెన్సర్లు సోనీ కెమెరాల్లోనే కాదు, కెనాన్, నికాన్, ఫూజీ, మినోల్టా లాంటి వాళ్ల మోడళ్లలోనూ ఉన్నాయి. ఎక్కువగా 2002 నుంచి 2004 మధ్య వచ్చినవి. కెనాన్ పవర్‌షాట్ ఏ70, ఏ75 ఆ జాబితాలో ఉన్నవే. అప్పట్లో కంపెనీలు వారంటీ గడువు తీరిన కెమెరాలకు కూడా ఉచితంగా సెన్సర్ మార్చి ఇచ్చాయి, ఇప్పుడు ఆ సర్వీసు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లు మనవి, పైగా పక్కనే కృష్ణ, ఆ పక్కన సముద్రం. వేడీ తేమా రెండూ పుష్కలం. ఏసీ గదిలో బతికి బట్టకట్టిన కెమెరా కూడా ఇక్కడ ఒక ఎండాకాలం గట్టెక్కుతుందన్న హామీ లేదు. ఆ ఏళ్ల మోడల్ కొంటుంటే సెన్సర్ ఎప్పుడైనా మార్చారేమో అడగండి. మార్చి ఉంటే అది మంచి పీస్ కింద లెక్క.

చెక్ చేసేటప్పుడు ఒక ఫొటో తీసి ఆపొద్దు. కెమెరా ఆన్ చేసి పావుగంట అలాగే ఉంచండి, వీడియో తీయండి, ఒళ్లు వెచ్చబడనివ్వండి. కార్డులోని పాత ఫొటోలు చక్కగా కనబడుతూ, కొత్తగా తీసేవి మాత్రం చెడుతుంటే స్క్రీన్‌కు ఏమీ కాలేదు, సెన్సరే పోయింది. సెల్ టార్చి లెన్సులోకి వేసి పక్కనుంచి చూడండి, సాలెగూడు పోగుల్లా కనబడితే ఫంగస్. తేదీ సెట్ చేసి, బ్యాటరీ తీసి ఓ రెండు నిమిషాలాగి పెట్టండి. మళ్లీ తేదీ అడిగితే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది పెద్ద దోషమేమీ కాదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

కార్డు లేకుండా కెమెరా కొనకండి. పాత ఒలింపస్, ఫూజీల్లో చాలావాటికి ఎక్స్‌డీ కార్డు కావాలి, అది 2 జీబీకి మించి రాలేదు, ఇప్పుడు తయారీ లేదు. సోనీవాటికి మెమరీ స్టిక్. ఎస్‌డీ కార్డే కదా అనుకున్నా, 2006కి ముందు మోడళ్లలో చాలావాటికి 2 జీబీ దాటిన కార్డు వేస్తే ఎర్రర్ చూపిస్తుంది. "కార్డు బీసెంట్ రోడ్డులో ఎక్కడైనా దొరుకుద్దన్నా" అన్నాడు మనవాడు. ఇప్పుడు దొరికే 32 జీబీ కార్డులతో దానికి పని లేదు. ఇంకో మాట, అతను ప్రతి కెమెరాను సీసీడీ అనే అంటాడు. 2010 తర్వాతి చిన్న కెమెరాల్లో సీమాస్ అనే వేరే రకం సెన్సర్‌వి చాలా ఉన్నాయి. మోడల్ నంబరు అడిగి, ఇంటి దగ్గరే వివరాలు చూసుకుని బయల్దేరండి.

డబ్బు వెనక్కి అడిగినప్పుడు జరిగింది అసలు ముఖ్యం. మొదట ఫోన్ ఎత్తలేదు. మెసేజ్‌లు పెట్టగా పెట్టగా, "సరే అన్నా, రీఫండ్ ఇస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఒక కోడ్ పంపాడు. స్కాన్ చేస్తే 9,500 అని చూపించి యూపీఐ పిన్ అడుగుతోంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. అంటే పనికిరాని సరుకు అంటగట్టినవాడే, మళ్లీ రీఫండ్ పేరు చెప్పి అంతే డబ్బు లాగబోయాడు. ఆ నంబరును కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మోసాల ఫిర్యాదులకు ఉన్న చక్షు విభాగంలో రిపోర్ట్ చేశాను. మీలో ఎవరైనా పిన్ కొట్టి డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చేస్తేనే ఖాతా ఆపగలిగే అవకాశం ఎక్కువ. బిల్లు ఇచ్చే షాపులో కొన్నవాళ్లకైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇలా ప్లాట్‌ఫారం మీద చేతులు మారిన సరుకుకు మన దగ్గర చాట్ తప్ప కాగితం ఉండదు, కాబట్టి ఆ చాట్ చెరిపేయకండి.

ఫోన్లకు సంబంధించి ఇంకొన్ని. జియో సిమ్ తీసుకెళ్లి పాత నోకియాలో వేస్తే సిగ్నల్ రాదు, జియోకు 2జీ లేదు. ఎయిర్‌టెల్, వీఐ సిమ్‌తో కాల్స్ వస్తాయి. "వాట్సాప్ కూడా వస్తుంది" అంటే అది పచ్చి అబద్ధం. ఎన్95లా సింబియన్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్లకు వాట్సాప్ 2017 జూన్ 30తో ఆగిపోయింది. ఎన్95 ఒరిజినల్ బ్యాటరీ బీఎల్-5ఎఫ్, 950 ఎంఏహెచ్. అదే సైజులో 2,400 అని రాసి ఉన్నది ఇస్తే తీసుకోకండి, అంత చార్జి అందులో పట్టదు. *#0000# కొడితే వచ్చే ఆర్‌ఎం నంబరు (నోకియా మోడల్ కోడ్), స్టిక్కర్ మీది నంబరు ఒకటే అయి ఉండాలి. మామూలు ఎన్95 అయితే ఆర్‌ఎం-159, 8 జీబీది అయితే ఆర్‌ఎం-320. ఐఎంఈఐ సంగతి తేలాలంటే ఇంగ్లీషులో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పంపండి. కోడ్ కొట్టనివ్వని మనిషితో బేరం ఆడాల్సిన పనే లేదు.

లాట్‌లో ఐప్యాక్ ఇంకా అమ్ముడుపోలేదు, నిన్న కూడా ఫొటోల్లో ఉంది. 3600 సిరీస్‌లా కనబడుతోంది. 2000లో వచ్చిన ఆ మోడల్‌కు బ్యాటరీ లోపలే ఉంటుంది, మనం తీసి మార్చేది కాదు. మనం ఎక్కించిన ప్రోగ్రాములూ ఫైళ్లూ ర్యామ్‌లోనే ఉంటాయి, కాబట్టి చార్జి పూర్తిగా దిగితే అన్నీ పోతాయి. ఈ తరహా పాకెట్ పీసీల్లో చార్జి దిగినా డేటా నిలవడం 2005లో విండోస్ మొబైల్ 5 వచ్చాకే. క్రేడిల్‌లో (చార్జింగ్ స్టాండులో) పెట్టి మాత్రమే ఆన్ చేసి చూపిస్తే బ్యాటరీ చచ్చిందనే అనుకోండి. క్రేడిల్‌లోంచి తీసి, పావుగంట చేతిలో పట్టుకుని, స్టైలస్‌తో నాలుగు మూలలా రాసి చూడకుండా డబ్బు ఇవ్వకండి. అంతసేపు ఆగడానికి అతను ఒప్పుకోకపోతే బస్సెక్కనివ్వండి.

నా ఎన్95 విప్పాక అందులో పనికొచ్చేవి రెండే తేలాయి, కెమెరా మాడ్యూల్, కీప్యాడ్ బోర్డు. మాడ్యూల్ ఒరిజినలే అని మెకానిక్ అన్నారు. ఎవరైనా తమ ఎన్95 బాగుచేసుకుంటుంటే మెసేజ్ పెట్టి బ్రాడీపేట వైపు రండి, ఊరికే ఇస్తాను.