రోలీ 35, ఎక్స్‌ఏ, ఎక్స్‌ఏ2, మ్యూ 2: జేబు కెమెరాల్లో తేడా అంతా ఫోకస్ దగ్గరే

చిన్నది, జేబులో పట్టేది పాత రీలు కెమెరా ఒకటి కొనాలనుంది ఏది తీసుకోమంటావ్ అని అడిగేవాళ్ళు ఈమధ్య మా బరంపురంలో కూడా బాగా ఎక్కువయ్యారు, అడిగిన ప్రతివాళ్ళూ లెన్స్ దగ్గరే మొదలెడతారు, జైస్ గొప్పదా జుయికో గొప్పదా అని. లెన్స్ సంగతి తర్వాత చూసుకుందాం బాబూ, ఇక్కడ చెప్పబోయే నాలుగింట్లో చెడ్డ లెన్స్ ఏదీ లేదు. ముందు అడగాల్సింది ఇది ఫోకస్ ఎలాగ అవుతుంది అని. పెద్ద ఎస్సెల్లార్‌లో అయితే లెన్స్‌లోంచే చూస్తూ తిప్పుకుంటాం కదా, వీటిల్లో అది లేదు, మన కన్ను చూసేది ఒక కిటికీ, రీలు చూసేది ఇంకో కిటికీ. మన కిటికీలో అన్నీ ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తాయి, అసలు సంగతి రీలు కడిగించాక గానీ తెలీదు.

మన ఇళ్ళల్లో ఉండే కెమెరాలకి ఈ గొడవే లేదు. కొడాక్ కేబీ 10 గానీ యాషికా ఎంఎఫ్-2 గానీ ఫిక్స్‌డ్ ఫోకస్, కంపెనీలోనే కొంత దూరానికి బిగించేసి పంపేవారు, ముందూ వెనకా మిగతాది చిన్న అపర్చరు (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) సర్దేసేది. ఎండలో నలుగుర్ని నిలబెట్టి తీస్తే బాగానే వచ్చేవి. పాత ఆల్బములు తిరగేసి చూడండి, దగ్గర్నుంచి తీసిన చంటిపిల్లల మొహాలన్నీ మసక, వెనక గోడమీద క్యాలెండరు తేదీలు మాత్రం చదువుకోవచ్చు.

ఇహ రోలీ 35. 1966లో వచ్చింది, హైంజ్ వాస్కే అనే జర్మన్ ఆయన డిజైను, 35 ఎంఎం పూర్తి ఫ్రేము పడుతూ అంత చిన్నగా ఉన్నది అప్పటికి లేదు. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, 370 గ్రాములు, మొత్తం లోహమే, 40 ఎంఎం టెస్సార్ లెన్స్ ఎఫ్ 3.5 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది), వాడేముందు బయటికి లాగి తిప్పి బిగించాలి, మళ్ళీ లోపలికి తొయ్యాలంటే ముందు రీలు తిప్పుకుని ఉండాలి, లేకపోతే పోదు. రీలు తిప్పే మీట ఎడంచేతి వైపు, ఫ్లాష్ పెట్టే చోటు కెమెరా కింద. ఇదేటి తలకిందులు అనిపిస్తుంది మొదట్లో, అలవాటైతే ముద్దొస్తుంది.

ఫోకస్ మాత్రం పూర్తిగా మీ అంచనా. లెన్స్ రింగు మీద మీటర్లు అడుగులు రాసుంటాయి, ఎదురుగా ఉన్న మనిషి ఎంత దూరంలో ఉన్నాడో మీరే అనుకుని తిప్పాలి, సరైందో కాదో చెప్పే గుర్తు ఇంకెక్కడా లేదు. చాలామంది దీనికే భయపడి వదిలేస్తారు గానీ, మీటర్లలో ఆలోచించడం మానేస్తే చాలా సులువు. మూరల్లో ఆలోచించండి. పూలమ్మి కొలిచే మూర సుమారు 45 సెంటీమీటర్లు, ఈ లెన్స్ అతి దగ్గర 0.9 మీటరు, అంటే సరిగ్గా రెండు మూరలు. రెండు చేతులూ చాపితే ఒక బార, అది 1.8 మీటర్లు. రెండు బారలైతే మూడున్నర మీటర్ల పైన. ఇంట్లో అయితే నేలమీద రెండడుగుల టైల్స్ ఉంటే అవి లెక్కెట్టుకున్నా చాలు. ఎండలో ఎఫ్ 8 పెట్టి రింగు 3 మీటర్ల దగ్గర ఉంచేస్తే సుమారు 2 మీటర్ల నుంచి 5 మీటర్ల పైదాకా అంతా ఫోకస్‌లోనే ఉంటుంది, పెద్దబజారు సందుల్లో పొద్దున్న తిరగడానికి ఇంతకన్నా ఏం కావాలి, కెమెరా ఎత్తడం నొక్కడం అంతే. కానీ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఎఫ్ 3.5కి వచ్చేశారనుకోండి, మనిషి మీటరున్నర దూరంలో ఉంటే ఫోకస్‌లో ఉండేది అటూఇటూ కలిపి 30 సెంటీమీటర్లే. మన అంచనా మూరలో మూడోవంతుకి మించి తప్పినా మొహం పోయినట్టే. అందుకే దీన్ని నేను పగటి కెమెరా అంటాను. అన్నట్టు ఇందులో లైటు మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి కట్టింది, అవి ఇప్పుడు దొరకవు, 1.5ది పెడితే రీడింగ్ తేడా వస్తుంది. మన ఎండకి ఎఫ్ 16 లెక్క (మంచి ఎండలో ఎఫ్ 16 పెట్టి షట్టరు వేగం రీలు ఐఎస్ఓ అంకెకి దగ్గరగా పెట్టుకోవడం) తెలిసినవాళ్ళకి మీటరుతో పనేం లేదు గానీ.

ఒలింపస్ ఎక్స్‌ఏ, 1979. నా దృష్టిలో జేబు కెమెరాల్లో ఇదే మేటి, ఎవరేమనుకున్నా సరే. ఒలింపస్ ఇంజనీరు మైతాని గారు డిజైన్ చేశారు, ముందున్న మూత పక్కకి జరిపితే కెమెరా ఆన్, మూసేస్తే ఆఫ్, లెన్స్ బయటికి రావడం లేదు లోపలికి పోవడం లేదు, 225 గ్రాములు. 35 ఎంఎం ఎఫ్ 2.8. ఇంత చిన్నదాన్లో నిజమైన రేంజ్‌ఫైండర్ పెట్టారు, అదీ గొప్ప. కిటికీలోంచి చూస్తే మధ్యలో ఒక మచ్చ, అందులో ఎదురుగా ఉన్నది రెండుగా కనిపిస్తుంది, లెన్స్ కింద చిన్న మీట జరుపుతుంటే రెండూ దగ్గరవుతాయి, ఒకటిగా కలిసిపోయాయంటే ఫోకస్ కుదిరిందన్నమాట. రెండు కిటికీలు ఒకే వస్తువుని రెండు కోణాల నుంచి చూస్తాయి, ఆ కోణం తేడానే దూరం కొలత. మన రెండు కళ్ళూ చేసే పనే.

మరి ఇబ్బంది లేదా అంటే ఉంది, రెండు కిటికీల మధ్య దూరం చాలా తక్కువ, మీట కూడా కొంచెమే తిరుగుతుంది, వేలు కాస్త ఎక్కువ కదిలితే దాటిపోతుంది. ఇన్నేళ్ళకి ఆ మచ్చ కూడా వెలిసిపోయి ఉంటుంది చాలావాటిల్లో. దానికో చిట్కా ఉంది, చూసే కిటికీకి బయటివైపు సరిగ్గా మధ్యలో నల్ల టేపు చిన్న చుక్కంత కత్తిరించి అంటిస్తే మచ్చ బాగా తేలుతుంది, పైసా ఖర్చు లేదు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో రాత్రిపూట, రెండేళ్ళకోసారి వచ్చే ఆ జనంలో, సీరియల్ లైట్ల వెలుగులో పులివేషం వాళ్ళు మీద మీదకి వస్తుంటే రోలీతో అయితే ఎఫ్ 3.5లో దేవుడి మీద భారమే, ఎక్స్‌ఏతో మొహం మీద పసుపు గీతలు పట్టుకుని కలుపుకోవచ్చు. అతి దగ్గర దూరం 0.85 మీటర్లు, అక్కడ ఎఫ్ 2.8లో ఫోకస్‌లో ఉండేది సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే, అంచనాతో అయ్యే పని కాదు కదా. తీరిక లేదనుకుంటే ఎఫ్ 5.6కీ 3 మీటర్లకీ నారింజ రంగు గుర్తులిచ్చారు, రెండూ అక్కడ పెట్టేసి తీసుకుంటూ పోవడమే. బటన్ మాత్రం జాగ్రత్త, ఎర్రగా ఉంటుంది, ముట్టుకుంటే చాలు పడిపోతుంది, గుంటల చేతికిచ్చారంటే సగం రీలు హాంఫట్.

తర్వాతేడాదే ఎక్స్‌ఏ2 తెచ్చారు, రేంజ్‌ఫైండర్ తీసేసి మూడు బొమ్మలు పెట్టారు, దగ్గరకి మనిషి బొమ్మ, దూరానికి కొండ, మధ్యది మధ్యది. లెన్స్ ఎఫ్ 3.5. మూత మూసినప్పుడల్లా మీట దానంతటదే మధ్య బొమ్మకి వచ్చేస్తుంది, ఈ ఒక్క ఏర్పాటుకి దండం పెట్టొచ్చు, మర్చిపోయేవాళ్ళ గురించి ఆలోచించి చేశారు. మా చెల్లి వాడుతోంది, ఫోకస్ అనే మాట కూడా తన నోట రాదు, ఫొటోలు బాగానే వస్తాయి. ఒలింపస్ వాళ్ళదే ట్రిప్ 35 కూడా ఇదే పద్ధతి, నాలుగు బొమ్మలు, బ్యాటరీ అక్కర్లేదు, వెలుతురుతోనే నడిచే సెలీనియం మీటరు, వెలుతురు చాలకపోతే కిటికీలో ఎర్ర జెండా లేపి నొక్కనివ్వదు. కాకపోతే జేబులో పట్టదు, పట్టిందన్నవాళ్ళ జేబులు వేరు.

ఆటోఫోకస్ చిన్న కెమెరాల్లోకి 1977లో కొనికా సీ35 ఏఎఫ్‌తో వచ్చింది. అది వెలుతురు తేడాలు చూసి పోల్చుకునేది. 1979లో కెనాన్ ఏఎఫ్35ఎం ఇన్‌ఫ్రారెడ్ కిరణం వదిలి అది తిరిగొచ్చే కోణాన్ని బట్టి దూరం లెక్కగట్టింది, చీకట్లోనూ పని చేస్తుంది. ఒలింపస్ మ్యూ 2, 1997ది, ఆ దారిలోదే. 135 గ్రాములు, ఎఫ్ 2.8, 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికెళ్ళొచ్చు, ఆ విషయంలో మిగతా మూడూ దీని ముందు దిగదుడుపే. చినుకులు పడ్డా పర్లేదు. మా బావమరిదికి ఉంది, అడిగితే ఇస్తాడు గానీ మొహం అదోలా పెట్టి ఇస్తాడు. దీని తంటా ఏంటంటే అది మధ్యభాగంలో ఏముంటే దాన్నే ఎక్కువ నమ్ముతుంది, ఇద్దర్ని పక్కపక్కన నిలబెడితే కిరణం ఒక్కోసారి వాళ్ళ మధ్య సందులోంచి వెనక్కి పోయి గోడకి తగులుతుంది. సగం నొక్కి పట్టుకుని, ఫోకస్ లాక్ అయ్యాక కెమెరా పక్కకి తిప్పి పూర్తిగా నొక్కాలి, ఇది తెలీకే చాలామంది కెమెరా పాడైంది అనుకుంటారు. రైల్లో రంభ దాటాక చిలికా కనిపిస్తుంది కదా, ఏసీ బోగీ అద్దంలోంచి తీద్దామంటే కిరణం ఒక్కోసారి అద్దానికే తగిలి వెనక్కొచ్చేస్తుంది, సరస్సు మసక. రోలీ అయితే రింగు అనంతం దగ్గర పెట్టేసి హాయిగా తీసుకోవచ్చు.

మనవైపు కొనేవాళ్ళకి ఒక మాట, సముద్రపు తేమకి లెన్సుల్లో ఫంగస్ పడుతుంది, కొనేముందు టార్చి వేసి లోపల సాలెగూడు లాంటి పోగులున్నాయేమో చూడండి, కొన్నాక సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచండి. ఎక్స్‌ఏ అయితే గోపాల్‌పూర్ తీసుకెళ్ళి ఒడ్డున దూరంగా నిలబడి లైట్‌హౌస్ చూడండి, మీట అనంతం మీద ఉన్నప్పుడు మచ్చలో రెండు స్తంభాలు కనిపిస్తే రేంజ్‌ఫైండర్ సరి చేయించాల్సిందే, ఆ లెక్కన ధర తగ్గించమనండి. వెనక తలుపు నల్ల ఫోమ్ జిగురైపోయి ఉంటుంది, అది మార్చుకోవచ్చు, దానికి భయపడక్కర్లేదు.

ఎవరికేది అంటే, పగలు ఊరు తిరిగి తీసేవాళ్ళకి, చేత్తో తిప్పే సరదా ఉన్నవాళ్ళకి రోలీ. పెళ్ళాం పిల్లలు అందరూ వాడాలంటే ఎక్స్‌ఏ2. రాత్రిళ్ళు, దగ్గర మొహాలు అయితే కళ్ళు మూసుకుని ఎక్స్‌ఏ. మ్యూ 2 మంచిదే కానీ ఇప్పుడు దానికి అడుగుతున్న రేట్లు అన్యాయం, పైగా లోపల ఎలక్ట్రానిక్స్ పోతే బాగుచేసేవాళ్ళు దొరకడం కష్టం. ఆ డబ్బుతో ఎక్స్‌ఏ కొనుక్కుని మిగిలినదాంతో రీళ్ళు తెచ్చుకోండి, అవి కూడా ఏమంత చవగ్గా లేవు.