కారు తాళం జేబులోనే ఉండే ఊరి కోసం: మిషిగన్ సరస్సు తూర్పు తీరంలో ఒక వారం

సరస్సు పక్కన సెలవులు గడపాలనుకునేవారికి చోట్లు దొరకకపోవడమన్నది ఉండదు. ఫొటోల్లో అన్ని చోట్లూ ఒకేలా కనిపించడంతోనే చిక్కంతా వస్తుంది. నీలి నీళ్లు, లేత రంగు ఇసుక, ఒక లైట్‌హౌస్, పొద్దు గుంకే వేళ ఎర్రబారిన ఆకాశం కనబడితే చాలు, ఇదే మనకు తగిన చోటని అనిపించేస్తుంది. తీరా వెళ్లాక చూస్తే ఈతకు పనికివచ్చే తీరం ఒకచోట, సాయంత్రం పది మంది తిరిగే వీధి ఇరవై మైళ్ల అవతల, పడవలూ సైకిళ్లూ అద్దెకిచ్చేవారు మరో దిక్కున ఉంటారు. రెండు వేసవులు ఇలాగే కారులో గడిచిపోయాక, ఈసారి మేము ఒకే ఒక కొలబద్ద పెట్టుకున్నాము. ఉదయం కారు నిలిపితే రాత్రి నిద్రపోయే వరకు దాన్ని మళ్లీ కదపవలసిన పని రాకూడదు. జూలై రెండో సగంలో మిషిగన్ సరస్సు తూర్పు తీరం వెంబడి సాగటక్ నుంచి ట్రావర్స్ సిటీ వరకు వారం రోజులు తిరిగి, ఒక్కో ఊరినీ ఈ కొలతతోనే చూశాము. మాతో పన్నెండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఉన్నారు కనుక, నా తీర్పులో ఈ ముగ్గురి పాలు కూడా ఉంది.

ముందుగా, అన్ని సరస్సులుండగా ఇదే ఎందుకో చెప్పాలి. ఉత్తర అమెరికాలోని అయిదు మహా సరస్సుల్లో పూర్తిగా అమెరికా దేశపు హద్దుల్లోనే ఉన్నది ఇదొక్కటే. దాదాపు 58,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, సుమారు 494 కిలోమీటర్ల పొడవు ఉన్న ఈ నీటిని మొదటిసారి చూసిన మా అత్తగారు "అవతలి ఒడ్డు కనబడనిదాన్ని సరస్సంటారేమిటి బాబూ?" అని అడిగి, దోసిట్లోకి తీసుకుని రుచి చూసి, ఉప్పదనం లేదని తేలాకే నమ్మారు. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. ఆ గాలి వేల ఏళ్లుగా ఇసుకను తూర్పు ఒడ్డుకు చేర్చి దిబ్బలుగా పోసింది. వేసవిలో ఎండకు వేడెక్కిన పైపొర నీటిని కూడా ఇటువైపే నెడుతుంది. అందువల్ల పడమటనున్న విస్కాన్సిన్ రాష్ట్రపు ఒడ్డుతో పోలిస్తే తూర్పునున్న మిషిగన్ రాష్ట్రపు ఒడ్డున వెడల్పాటి ఇసుక తీరాలు, దిగబుద్ధి వేసే నీళ్లు ఎక్కువ. పైగా సూర్యుడు నీటిలోకే దిగుతాడు. ఈ తీరం తూర్పు టైమ్ జోన్‌కు పడమటి కొసన ఉండడం వల్ల జూన్ చివర్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. పిల్లలున్నవారికి ఇది వరమో శాపమో వారి వారి నిద్రవేళలను బట్టి ఉంటుంది.

సాగటక్ చూడటానికి అన్నిటికన్నా ముద్దొచ్చే ఊరు. 1910 నుంచి ఆక్స్‌బో అనే చిత్రకళా పాఠశాల ఇక్కడ నడుస్తోంది, ఆ గాలి ఊరంతా సోకినట్టు వీధికి నాలుగు చిత్రశాలలు కనిపిస్తాయి. అయితే ఊరు కలమజూ నది ఒడ్డున ఉంది, ఓవల్ బీచ్ మాత్రం నదికి అవతల, ఇసుక కొండ వెనుక ఉంది. నది దాటించడానికి 1838లో మొదలైన గొలుసు పడవ ఇప్పటికీ ఉంది; నడిపేవారు చేతితో పిడి తిప్పుతుంటే నీటి అడుగున ఉన్న గొలుసు మీదుగా పడవ నిదానంగా అవతలికి చేరుతుంది. మా అబ్బాయి ఆ పిడి తిప్పే అవకాశం కోసం మూడుసార్లు నది దాటాడు. అక్కడి నుంచి తీరానికి చేరాలంటే మౌంట్ బాల్డ్‌హెడ్ అనే దిబ్బ మీదికి మూడు వందలకు పైగా మెట్లెక్కి అటువైపు దిగాలి. కాళ్లలో బలమున్నవారికి ఇంతకంటే మంచి దారి లేదు. మా అత్తగారి కోసం మేము కారు తీసి, చుట్టూ తిరిగి వెళ్లి, పార్కింగ్‌కు డబ్బు కట్టవలసి వచ్చింది. సాయంత్రపు సందడి కూడా పెద్దవాళ్ల కోసం అన్నట్టుంటుంది. రెండో రోజుకు పిల్లలకు చిత్రశాలలు చాలయిపోయాయి. పిల్లలు లేని జంటలకైతే నేను ఈ ఊరినే మొదట చెబుతాను.

మా కొలతకు పూర్తిగా నిలిచింది గ్రాండ్ హేవెన్. గ్రాండ్ నది సరస్సులో కలిసే చోట ఉన్న ఈ ఊరిలో దుకాణాల వీధి నది ఒడ్డున ముగుస్తుంది, అక్కడ మొదలైన బోర్డ్‌వాక్ అనే నడకదారి నది వెంటే సాగి స్టేట్ పార్కు ఇసుక దాకా, సరస్సులోకి పొడుచుకుపోయిన పియర్ అనే కాంక్రీటు కట్ట మీది రెండు ఎర్రటి లైట్‌హౌస్‌ల దాకా తీసుకువెళుతుంది. దారంతా చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలు ఉంటాయి, చూడటానికి ఒక పక్కన పడవలు వస్తూ పోతూనే ఉంటాయి. మెట్టన్నది ఎక్కకుండా ఊరి నుంచి సరస్సు వరకు నడిచిన మా అత్తగారు ఆ దారిని మూడు రోజుల్లో అయిదుసార్లు నడిచారంటే నేను వేరే పొగడవలసిన పని లేదు. పియర్ పొడవునా తల పైన ఎత్తున కనిపించే ఇనుప వంతెన వంటిది అలంకారం కాదు; తుపాను అలలు పియర్‌ను ముంచెత్తే రోజుల్లో దీపం చూసుకునే ఉద్యోగులు దాని మీదుగా వెళ్లేవారు. చీకటి పడ్డాక నదికి అవతలి దిబ్బ మీద, 1962 నుంచి ఉన్న సంగీత ఫౌంటెన్‌ను ఆడిస్తారు. రంగు దీపాలు, పాటలకు తగ్గట్టు లేచే నీటిధారలు ఈ కాలపు పిల్లలకు పాతబడినట్టు అనిపిస్తాయేమోనని నేను సందేహించాను. కానీ ఊరంతా దుప్పట్లు పరుచుకుని ఒడ్డున కూర్చోవడంలోనే ఏదో ఉంది, మా అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. ఒక హెచ్చరిక: జూలై చివర, ఆగస్టు మొదట్లో కోస్ట్ గార్డ్ ఉత్సవం జరిగే రోజుల్లో ఊరు కిటకిటలాడుతుంది. సందడి కోరేవారు ఆ వారానికే వెళ్లాలి, మిగిలినవారు తప్పించుకోవాలి.

ఊరికి పూర్తి మార్కులు వేసినా మేము దిగిన బసకు వేయలేను. దాని పేరు ఇక్కడ అనవసరం. ప్రకటనలో "సరస్సు కనిపించే గది" అని ఉంది. బాల్కనీ చివర నిలబడి మెడ ఎడమకు తిప్పితే, రెండు ఇళ్ల పైకప్పుల మధ్య చేతిరుమాలంత నీలం కనిపించింది. "తీరానికి అయిదు నిమిషాలు" అన్నది కూడా కారులో లెక్క. అప్పటి నుంచి నేను చిరునామా తీసుకుని, మ్యాప్‌లో నడక దారి ఎంచుకుని, నీటి అంచు వరకు దూరం చూసుకున్నాకే డబ్బు కడుతున్నాను. ఫొటో ఎప్పటిదో కూడా అడగడం మంచిది. ఈ సరస్సు మట్టం ఏళ్లను బట్టి బాగా మారుతుంది. 2013 జనవరిలో రికార్డు స్థాయిలో అడుగంటిన నీరు 2020 నాటికి రికార్డు స్థాయికి పెరిగి చాలా తీరాలను మింగేసింది. తక్కువ నీటి ఏడాది తీసిన ఫొటోలో మైదానంలా ఉన్న ఇసుక, ఎక్కువ నీటి ఏడాదిలో చాపంత మిగలవచ్చు.

నీటి భద్రత గురించి కాస్త విడమరచి చెప్పక తప్పదు, ఎందుకంటే సరస్సే కదా అన్న చనువు ఇక్కడ పనికిరాదు. మిషిగన్ స్టేట్ పార్కుల తీరాల్లో చాలావరకు లైఫ్‌గార్డులు ఉండరు. వారికి బదులు జెండాలు ఉంటాయి: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఆపైన రెండు ఎర్ర జెండాలు. రెండు ఎర్ర జెండాలు ఎగిరితే నీటిలో దిగడమే నిషేధం. మేమున్న రెండో రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎండ కాస్తోంది, అయినా ఎర్ర జెండా ఎగురుతోంది. పియర్ వైపు చూస్తే కారణం తెలిసింది. ఒడ్డుకు వాలుగా వచ్చిన అలల నీరు ఆ కాంక్రీటు గోడకు తగిలి, దాని వెంటే లోపలికి ప్రవాహంగా పోతుంది. అందులో చిక్కినవారికి ఒడ్డు కళ్లముందే ఉన్నా అందదు. పిల్లల చేత పియర్‌కు దూరంగా స్నానం చేయించడం, పియర్ మీద నుంచి దూకే కుర్రవాళ్లను ఆదర్శంగా చూపకపోవడం మా నియమాలయ్యాయి. రెండో సంగతి చల్లదనం. గాలి తిరిగి ఒడ్డు నుంచి లోపలికి వీస్తే వెచ్చటి పైపొర అవతలికి పోయి, అడుగునున్న చన్నీరు పైకి వస్తుంది. నిన్న సాయంత్రం గంటసేపు ఆడిన నీటిలో తెల్లవారేసరికి పాదం పెట్టలేకపోవడం ఇక్కడ మామూలే, లడింగ్టన్‌లో మాకు అదే జరిగింది. అలాంటి గాలి రోజుల్లోనే చీలమండల్ని వెతుక్కుని కుట్టే ఈగలు కూడా తీరానికి చేరతాయి.

ఆ రోజు మమ్మల్ని లడింగ్టన్ స్టేట్ పార్కే కాపాడింది. పెద్ద సరస్సుకూ హామ్లిన్ సరస్సుకూ నడుమ ఉన్న ఈ పార్కులో, పెద్దది గడ్డకట్టినట్టున్నా చిన్నది వెచ్చగా, లోతు తక్కువగా ఉండి పిల్లలకు సరిపోయింది. అక్కడే కయాక్ అద్దెకు తీసుకున్నాము. 1867 నాటి బిగ్ సేబుల్ పాయింట్ లైట్‌హౌస్ 112 అడుగుల ఎత్తున నలుపు తెలుపు పట్టీలతో ఉంటుంది, చేరాలంటే దాదాపు రెండు మైళ్లు నడవాలి, తిరిగి అంతే. ఊరి ప్రధాన వీధి పడమటి కొసన స్టెర్న్స్ పార్కు అనే విశాలమైన ఉచిత తీరం ఉంది. సాయంత్రాలు బ్యాడ్జర్ అనే బొగ్గుతో నడిచే పాత ఓడ విస్కాన్సిన్‌లోని మానిటోవాక్ నుంచి, సుమారు నాలుగు గంటలు ప్రయాణించి, కార్లను కడుపులో పెట్టుకుని వస్తుంటే చూడటానికి ఊరు ఒడ్డుకు చేరుతుంది. కొలతలో రెండో స్థానం లడింగ్టన్‌కు ఇస్తాను. రాత్రి సందడి గ్రాండ్ హేవెన్ అంత లేకపోవడమొక్కటే లోటు.

స్లీపింగ్ బేర్ డ్యూన్స్ విషయంలో నా కొలబద్దే ఓడిపోయింది. 1970లో జాతీయ తీరంగా ప్రకటించిన ఈ ప్రాంతంలో కారు లేకుండా ఏదీ జరగదు, అయినా వారం మొత్తంలో మళ్లీ చూడాలనిపించినది ఇదే. విస్కాన్సిన్ వైపు చెలరేగిన కార్చిచ్చు నుంచి తప్పించుకోవడానికి రెండు పిల్లలతో సరస్సును ఈదిన తల్లి ఎలుగుబంటి ఒడ్డుకు చేరి, వెనుకబడి మునిగిపోయిన పిల్లల కోసం ఎదురుచూస్తూ నిద్రలోకి జారి ఇసుక దిబ్బగా మారిందని, ఆ పిల్లలే ఎదురుగా కనిపించే రెండు మానిటూ దీవులని ఇక్కడి ఆదివాసులైన అనిషినాబే ప్రజల కథ. పియర్స్ స్టాకింగ్ సీనిక్ డ్రైవ్ అనే రోడ్డు మీద సరస్సుకు 450 అడుగుల ఎత్తున ఉన్న వేదిక వరకు మా అత్తగారు కూడా వచ్చి ఆ కథ విన్నారు. అక్కడి నుంచి నీటి దాకా దిగే వాలు కుర్రవాళ్లను పిలుస్తుంటుంది. దిగడానికి నిమిషాలు చాలు, జారే ఇసుకలో ఎక్కడానికి గంటలు పట్టవచ్చు, రక్షించడానికి సిబ్బంది రావలసి వస్తే ఖర్చు మీదేనని బోర్డు కూడా పెట్టారు. పిల్లలకు డ్యూన్ క్లైమ్ అనే ఇసుక దిబ్బ చాలు. అయితే ఆ దిబ్బ ఎక్కగానే సరస్సు కనిపిస్తుందనుకోవద్దు. నీటిని తాకి తిరిగి రావాలంటే మూడున్నర మైళ్ల ఇసుక నడక, నీడ ఉండదు, వెంట నీళ్లు ఉండాలి. ప్లాట్ నదిలో ట్యూబ్ మీద పడుకుని నెమ్మదిగా సరస్సు దాకా తేలుతూ పోవడం మాత్రం అయిదుగురమూ కలిసి చేసిన ఒకే ఒక ఆట. ఈ జాతీయ తీరంలోకి ప్రవేశానికి కారుకు 25 డాలర్లు కడితే ఏడు రోజులు చెల్లుతుంది. తీరంలోని రాళ్లను ఇంటికి తీసుకుపోవడం ఇక్కడ నిషిద్ధం, పెటోస్కీ రాళ్లని పిలిచే పగడపు శిలాజాలు దొరికినా చూసి వదిలేయాలి. మా అమ్మాయికి ఇది మింగుడు పడలేదు.

దగ్గరలోని గ్లెన్ ఆర్బర్ చక్కటి పల్లె, కానీ పల్లే. సందడి కావాలంటే ట్రావర్స్ సిటీలో దిగి రోజూ కారులో వచ్చిపోవాలి. ఆ ఊరి తీరం లోతైన అఖాతంలో ఉండడం వల్ల అలలు తక్కువ, ఈత నేర్చుకునే పిల్లలకు అదే మేలు. జూలై మొదట్లో చెర్రీ పండుగ అయిపోయాక మేము వెళ్లినా బస ధరలు మాత్రం తగ్గలేదు. ఊరికీ తీరానికీ మధ్య పెద్ద రోడ్డు పరుగులు తీస్తుంటుంది, నడిచేవారు దాని కింద ఉన్న సొరంగం గుండా వెళ్లవచ్చు. ఊరంతా తిరగడానికి బాగుంది. తీరం మాత్రం ఊరికి చుట్టపు చూపుగా వచ్చినట్టు అనిపించింది.

ఎక్కడ దిగినా ఉపయోగపడే మాట ఒకటుంది. 2005లో మిషిగన్ సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మహా సరస్సుల నీటి అంచు వెంబడి నడిచే హక్కు అందరికీ ఉంది, ఒడ్డున ప్రైవేటు ఇళ్లు ఉన్నా సరే. ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చోవడం వేరు, అది వారి స్థలం కావచ్చు. ఇది తెలిశాక జనం గుంపులుగా ఉన్న చోటు నుంచి పావుగంట నడిచి ఖాళీ తీరం చూసి రావడం మాకు రోజూ పొద్దుటి అలవాటైంది.

స్టేట్ పార్కుల క్యాంప్ స్థలాల రిజర్వేషన్ ఆరు నెలల ముందు తెరుస్తారు. గ్రాండ్ హేవెన్ పార్కులో ఇసుక పక్కనే గుడారం వేసుకుందామని మేము మార్చిలో చూసేసరికి జూలైలో ఒక్క చోటూ మిగలలేదు, అందుకే చేతిరుమాలంత నీలం దక్కింది. వచ్చే జనవరిలో తేదీ తెరిచే ఉదయం కంప్యూటర్ ముందు కూర్చునే పని మా అమ్మాయి తీసుకుంది. దిగువ మంచమున్న ట్రెయిలర్ అయితేనే వస్తానని మా అత్తగారు ఇప్పుడే షరతు పెట్టారు.